బొరుగుకు ఆపరేషన్, బొరుగుకు ఇన్సూరెన్స్: కడపలో మా ఐదు నెలల అనుభవం

మా పిల్లి బొరుగుకు ఆపరేషన్ అయి నిన్నటికి సరిగ్గా రెండు వారాలు. కుట్లు కూడా తీసేశారు. మర్చిపోకముందే రాసిపెడుతున్నా, ఎందుకంటే జూన్‌లో నేను ఊరంతా అడిగినా నాటు పిల్లికి ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ చేయించినవాళ్ళు ఒక్కరు కూడా దొరకలేదు. కుక్కలకు చేయించినవాళ్ళు ఉన్నారు, హైదరాబాద్‌లో ఉండే చుట్టాలు ఏవేవో చెప్పారు, కానీ మన కడపలో ఎంతవుతుంది, ఎన్నిసార్లు తిరగాలి, ఇంట్లో పెద్దవాళ్ళను ఎట్లా ఒప్పించాలి అనేది చెప్పే మనిషి లేడు.

జూన్ 12 సాయంత్రం వాన పడుతుంటే మా స్కూటీ కింద దొరికింది. అరచేతిలో పట్టేంత ఉంది, తెల్లగా, అక్కడక్కడా మాడిన మచ్చలతో, అచ్చం వేయించిన బొరుగులాగా. మా వాడు అక్కడికక్కడే బొరుగు అని పేరు పెట్టేశాడు. ఏడో తరగతి వాడు కాబట్టి వాడికి అన్నీ తెలుసు, తోక ఎత్తి చూసి "మగపిల్లి మా" అని తేల్చేశాడు. ఈ ఒక్క మాట ఆ తర్వాత మాకు ఎంత పని పెట్టిందో ముందుముందు చెప్తా.

జూన్ 14న మొదటిసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మా వీధికి దగ్గర్లోనే ఉన్న ప్రైవేటు క్లినిక్, పేరు రాయను. పళ్ళు చూసి ఆరేడు వారాల పిల్ల అన్నారు, బరువు 520 గ్రాములు. నులిపురుగుల మందు వేశారు. ఫీజు 300, మందు 60. అక్కడ అసిస్టెంటు అబ్బాయి టీకాల పుస్తకం రాస్తూ "మగదా ఆడదా అక్కా" అని అడిగాడు, నేను మా వాడి మాట మీద "మగది" అన్నా, అతను అట్లాగే రాసుకున్నాడు. చిన్న కూనల్లో పోల్చుకోవడం కష్టమేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఎవరమూ రెండోసారి చూడలేదు.

టీకాలు నేను అనుకున్నంత సులువుగా కాలేదు. పిల్లులకు వేసే మూడు జబ్బుల టీకా క్లినిక్‌లో ఎప్పుడూ ఉండదు, అడిగేవాళ్ళు తక్కువ. డబ్బు కట్టాక తెప్పిస్తామన్నారు, ఐస్ పెట్టెలో రావడానికి ఆరు రోజులు పట్టింది. జూలై 1న మొదటి డోసు, 25న రెండోది, ఒక్కోదానికి 900. ఆగస్టు 9న రేబిస్ టీకా, 300. రెండో డోసు రోజే ఆపరేషన్ గురించి కూడా అడిగా. పుస్తకం చూసి "మగదానికి మూడున్నర వేలు, ఐదు నెలలు దాటి రెండు కిలోలు వచ్చాక తీసుకురండి" అన్నారు. ఆ మూడున్నర వేలు చీటీ డబ్బులోంచి పక్కన పెట్టుకుని నిశ్చింతగా ఉన్నా.

ఇంక ఇన్సూరెన్స్ సంగతి. ఇది మా ఆయన ఆలోచన. ఆయన ఫ్రెండు కుక్కకు కాలు విరిగి ఆపరేషన్ ఖర్చు ముప్పై వేలకు పోయిందంట, అది విన్నప్పటి నుంచి మొదలుపెట్టాడు. మా ఇంటికి వచ్చే ఏజెంటును అడిగితే ఆయన టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "పిల్లికి ఏందమ్మా, బర్రెకు చేయించుకోండి చెవిపోగు వేసి" అన్నాడు. మా అత్తకు (ఇంట్లో అందరం జేజి అనే అంటాం, మా వాడి పిలుపే అందరికీ అలవాటైపోయింది) ఆ మాట బాగా నచ్చింది. వాళ్ళ ఊళ్ళో బర్రెలకు చెవిపోగు వేసి బీమా చేయించడం ఆమెకు తెలుసు. "పాలిచ్చేదానికి బీమా చేస్తారు గానీ పాలు తాగేదానికి చేస్తారా" అని వారం రోజులు వీధంతా చెప్పుకుంది.

చివరికి ఆన్‌లైన్‌లోనే పట్టుకున్నాం. పిల్లులకు ఇచ్చే కంపెనీలు మన దేశంలో కొద్దిగానే ఉన్నాయి. మేము తీసుకున్నదాంట్లో మూడు నెలలు నిండాలి, టీకాలు అయి ఉండాలి, డాక్టరు ఆరోగ్య సర్టిఫికెట్ ఇవ్వాలి, ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, యజమానితో ఒకటి ఫొటోలు పెట్టాలి. పక్క నుంచి ఫొటో అంటే చెప్పేంత తేలిక కాదు, ఫోను చూడగానే అది ఫోను దగ్గరికే వస్తుంది. నలభై ఫొటోల్లో మూడు పనికొచ్చాయి. జాతి అని ఒక గడి ఉంటుంది, దాన్ని నొక్కితే పర్షియన్, సయామీస్, ఇంకా నోరు తిరగని పేర్లన్నీ వస్తాయి, నాటు అనేది ఎక్కడా లేదు. కిందికి కిందికి పోతే 'ఇండియన్ డొమెస్టిక్' అని దొరికింది. మా వాడు దాన్ని "బొరుగు ఇండియన్ డొమెస్టిక్ అంట" అని బళ్ళో చెప్పుకుంటే వాళ్ళ మిత్రులు అదేదో ఖరీదైన జాతి అనుకున్నారంట.

ఆగస్టు 18న అప్లికేషన్ పెట్టా, మగపిల్లి అని నింపి. సర్టిఫికెట్ కోసం మర్నాడు క్లినిక్‌కు పోతే డాక్టరు గారు ఈసారి నిమ్మళంగా పట్టుకుని చూసి, తోక ఎత్తి, "అమ్మా, ఇది ఆడపిల్లి కదా" అన్నారు. నాకు ఒక నిమిషం మాట రాలేదు. ఆయన సర్టిఫికెట్‌లో ఆడ అని రాశారు, పుస్తకంలో మగ అని ఉంది, అప్లికేషన్‌లో మగ అని ఉంది. నేను పెద్దగా పట్టించుకోకుండా సర్టిఫికెట్ అప్‌లోడ్ చేశా. నాలుగు రోజులకు మెయిల్ వచ్చింది, వివరాలు సరిపోలడం లేదు, జంతువు ఒకటేనా అని. ఫోన్ చేస్తే హిందీ, ఇంగ్లీషు, పద్దెనిమిది నిమిషాల సంగీతం. ఆఖరికి తేలింది ఏందంటే, డాక్టరు లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరుతో సవరణ ఉత్తరం కావాలి, పుస్తకంలో కొట్టేసి రాస్తే చెల్లదు. మళ్ళీ క్లినిక్‌కు, మళ్ళీ 200 ఫీజు. ఆగస్టు 29న పాలసీ వచ్చింది. ముప్పై వేల కవరుకు ప్రీమియం 1,650, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 297, మొత్తం 1,947.

దయచేసి మొదటి రోజే డాక్టరు చేతే చూపించి ఆడా మగా రాయించుకోండి. నాలాగా పిల్లోడి మాట వినకండి. ఆపరేషన్ ఖర్చు కూడా మారిపోయింది, ఆడదానికి 5,500 అన్నారు. మగదానికి పైపైన చిన్న కోత, ఆడదానికి పొట్ట తెరిచి గర్భసంచి, అండాశయాలు తీయాలి. రెండింటికీ ఒకటే ధర ఎట్లా ఉంటుందిలే, అడిగిన నాదే తప్పు.

పాలసీ వచ్చాక తీరిగ్గా కూర్చుని నిబంధనలు చదివా, ఇది ముందు చేయాల్సిన పని. ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్‌కు పైసా రాదు. దానివల్ల వచ్చే ఇబ్బందులకు కూడా రాదు. జబ్బులకు మొదటి ముప్పై రోజులు లెక్కలోకి రావు. ప్రమాదం గానీ జబ్బు గానీ అయితే ఆసుపత్రిలో చేర్చి చేసే చికిత్సకు ఇస్తారు. బాగానే ఉంది, కానీ మా క్లినిక్‌లో పిల్లిని రాత్రికి ఉంచే ఏర్పాటే లేదు! సెలైన్ పెట్టాలన్నా పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చుకోవడమే. మా ఆయనతో అంటే "ఉండనీలే, పెద్ద దెబ్బ తగిలితే తిరుపతికి తీసుకుపోతాం" అన్నాడు. సరే, ఉండనీ అన్నా. వచ్చే ఏడాది కడతానో లేదో మాత్రం చెప్పలేను.

ఆపరేషన్‌కు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళమని కూడా ఒకరిద్దరు చెప్పారు. అక్కడ పెద్ద డాక్టర్లు ఉంటారు, నిజమే. నేను వెనకాడింది దూరానికే. మత్తు దిగీ దిగని పిల్లిని ఆ ఎండలో యాభై కిలోమీటర్లు బస్సులో తీసుకురావాలి, మధ్యలో ఏమన్నా అయితే మళ్ళీ వెనక్కి పరిగెత్తాలి. ఇంటికి పది నిమిషాల్లో ఉండే డాక్టరే నయం అనిపించింది. కారు ఉన్నవాళ్ళు ఇంకోలా ఆలోచించవచ్చు.

అక్టోబరు 10కి డేటు అనుకున్నాం. 4వ తేదీ రాత్రి పదకొండుకు బొరుగు అరవడం మొదలుపెట్టింది. మామూలు మ్యావ్ అయితే కాదు, పసిబిడ్డ ఏడుపులాగా, లోపల్నుంచి ఏదో పిండేసినట్టు. నేల మీద పొర్లడం, వీపు నిమిరితే వెనక భాగం పైకి ఎత్తడం. నాకు భయమేసింది, కడుపునొప్పి అనుకున్నా, డాక్టరుకు వీడియో పంపిద్దామని ఫోను తీశా. జేజి మంచం మీంచే కళ్ళు తెరవకుండా అంది: "దానికి ఎద వచ్చిందమ్మీ. పడుకోండి." బర్రెలు సాకిన మనిషికి వీడియో అక్కర్లేదు.

ఆ వారం మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. గోడ మీద మగపిల్లులు, ఎక్కడెక్కడివో, మూడు వచ్చి కూర్చునేవి. 7వ తేదీ సాయంత్రం బట్టలు తీయడానికి మిద్దె తలుపు తెరిస్తే రివ్వున బయటికి దూకేసింది. గంటసేపు కనపడలేదు. ఆ గంట నేను మిద్దెల మీద కాలుకాలిన పిల్లిలా తిరిగా, అసలు పిల్లేమో పక్కింటి వాటర్ ట్యాంకు కింద ప్రశాంతంగా కూర్చుని ఉంది. ఏమన్నా జరిగిందా లేదా తెలీదు. పిల్లికి రెండు నెలల్లోనే కాన్పు అయిపోతుంది, అంటే దీపావళి దాటి ఇంకొన్నాళ్ళకే నాలుగైదు కూనలు. ఆ లెక్క వేసుకుంటే నిద్ర అసలు పట్టలేదు.

డాక్టరు గారు 10న చేయనన్నారు. ఎదలో ఉన్నప్పుడు ఆ భాగానికి రక్తం ఎక్కువ చేరి ఉంటుంది, కోస్తే రక్తం ఎక్కువ పోతుంది, అంతా సద్దుమణిగాక చేద్దామన్నారు. మిద్దె సంగతి భయంభయంగా చెప్తే, ఒకవేళ సూలు కట్టి ఉన్నా ఇంత తొలి రోజుల్లో ఆపరేషన్‌కు అడ్డం కాదు, దాంతోపాటే పోతుంది అన్నారు. ఈ మాట జేజికి చెప్పలేదు. ఆమె అప్పటికే "ఆడదాని కడుపు తీసేయడానికి మీకు చేతులెట్లా వస్తాయో" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒప్పించింది నేను కాదు, ఆ మూడు మగపిల్లులే. మూడో రాత్రికి ఆమే "తొందరగా చేయించండి సామీ" అంది.

దీపావళి టపాకాయల చప్పుడు కూడా అయిపోనీ అని అక్టోబరు 24 ఖాయం చేశారు. రెండు రోజుల ముందు రక్తపరీక్ష, 600. ముందురోజు రాత్రి పది తర్వాత తిండి బంద్, నీళ్ళు మాత్రం పొద్దున ఆరు దాకా. కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతుందంట. పొద్దున ఐదు నుంచి ఫ్రిజ్ ముందు కూర్చుని ఒకటే గోల. జేజి పాలగిన్నె తీయకుండా నేను వంటింట్లోనే కాపలా కూర్చున్నా. పిల్లిని తీసుకెళ్ళే బుట్ట రెండు వేలు చెప్తే కొనలేదు, ప్లాస్టిక్ కూరగాయల బుట్టలు రెండు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టాం. ఆటోవాడు కోడి అనుకున్నాడు.

తొమ్మిదికి పోయాం. బరువు 2.3 కిలోలు. ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, మత్తులో ప్రాణానికి ఏమన్నా అయితే మాకు బాధ్యత లేదని. అన్నిచోట్లా ఉండేదే అని తెలుసు, మా వాడి అపెండిక్స్ అప్పుడూ పెట్టా. అయినా పెన్ను ఆగింది. వీధిలో దొరికిన దానికి ఇంత ఏంది అని నన్ను నేనే తిట్టుకుని పెట్టేశా. లోపలికి తీసుకెళ్ళాక కూడా వెంటనే మొదలుపెట్టలేదు, విషం తిన్న కుక్క ఒకటి వచ్చింది, అది తేలేసరికి పదకొండున్నర. అప్పుడు మత్తు ఇంజెక్షన్. పన్నెండుంపావుకు డాక్టరు గారు బయటికొచ్చి "అయిపోయిందమ్మా, కట్టలేదు" అన్నారు. కట్టు కట్టలేదేమో అనుకున్నా ఒక్క క్షణం. సూలు కట్టలేదని ఆయన భావం.

ఒంటిగంటన్నరకు చేతికిచ్చారు. ఇది ముందే తెలిస్తే నేను అంత ఏడ్చేదాన్ని కాదు: ఆ మత్తుకు పిల్లి కళ్ళు మూసుకోదు. కళ్ళు పెద్దగా తెరిచి, రెప్ప కొట్టకుండా, నాలుక పక్కకు వేలాడుతూ ఉంటుంది. నేను చచ్చిపోయిందనే అనుకున్నా. కళ్ళు ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ పెట్టారు, అందుకే బంకగా ఉన్నాయి. పొట్ట మీద అగ్గిపెట్టెకు రెండింతలు వెంట్రుకలు గొరిగి, మధ్యలో మూడు కుట్లు. ఇంత చిన్న కోతలోంచి అంతా తీశారా అనిపించింది. ఇంటికొచ్చాక నాలుగు గంటలు తల అటూ ఇటూ ఊపుతూ, లేచి పడుతూ లేచి పడుతూ, ఒకసారి గోడతో మాట్లాడింది. ఎత్తు మీద పడుకోబెట్టొద్దు, ఫ్యాను గాలి నేరుగా తగలనీయొద్దు, దుప్పటి కప్పండి అన్నారు. రాత్రి తొమ్మిదికి ఉడికించిన చికెన్ ఒక స్పూను తింది. ఉచ్చ పోయడానికి మర్నాడు పొద్దున దాకా పట్టింది, అంతవరకూ నాకు టెన్షనే.

అసలు కష్టం ఆపరేషన్ తర్వాత పది రోజులు. కుట్లు నాకకుండా మెడకు వేసే కాలర్ క్లినిక్‌లో కుక్కలదే ఉంది, దాంట్లో బొరుగు మొత్తం పట్టేస్తుంది. అసిస్టెంటు అబ్బాయే చెప్పాడు, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఉంటే గుండ్రంగా కత్తిరించి గరాటాలా చుట్టండక్కా, అంచుకు దూది పెట్టి ప్లాస్టర్ వేయండి అని. ఇంట్లో ఉన్నది జేజి మోకాలి ఎక్స్‌రే ఒక్కటే. మా ఆయన ఆమె నిద్రపోయినప్పుడు కత్తిరించాడు. అది వేయగానే బొరుగు ముందుకు నడవడం మానేసి అచ్చం వెనక్కే నడిచింది, గోడ తగిలేదాకా. ఒక రోజు తర్వాత అలవాటైంది, గిన్నె కొంచెం ఎత్తులో పెడితే తినగలిగింది.

దాని ఉచ్చకు, దొడ్డికి ఎప్పుడూ ట్రేలో ఇసుక పోసి పెడతాం. ఈ పది రోజులు ఇసుక వద్దు, కుట్లకు అంటుకుంటుంది, న్యూస్‌పేపరు చించి వేయండి అన్నారు. మొదటి రోజు పేపరు చూసి మొహం తిప్పుకుని పోయి మా వాడి స్కూలు బ్యాగు మీద పోసింది. ఫినాయిల్‌తో ఇల్లు తుడవొద్దు, పుండుకు డెటాల్ రాయొద్దు, అవి పిల్లి నాకితే విషం. జేజి అప్పటికే డెటాల్ సీసా, దూది చేతిలో పట్టుకుని ఉంది! ఇంకోటి, నొప్పి ఉందని పిల్లలకు వేసే పారాసిటమాల్ చుక్క కూడా పడకూడదంట, పిల్లులకు అది ప్రాణం తీస్తుంది. దానికి వేరే నొప్పి చుక్కలు మూడు రోజులు, యాంటీబయాటిక్ సిరప్ ఐదు రోజులు, రెండూ కలిపి 430. సిరప్ సిరంజితో నోటి పక్క నుంచి వేయాలి. సగం దానికి, సగం నా చీరకు.

ఎగరనీయొద్దు అన్నారు. మూడో రోజుకే బీరువా ఎక్కింది. అదే సమయానికి మొంథా తుఫాను, 28న ఇక్కడ కూడా ముసురు, రాత్రి కరెంటు పోయింది, సెల్‌ఫోను లైటు వేసి కుట్లు చూస్తే కుట్టు పక్కన గోలీకాయంత గడ్డ. ఆ రాత్రి గడిచేసరికి నా పని అయిపోయింది. పొద్దున్నే వానలో క్లినిక్‌కు పరుగు. నొక్కి చూసి, చీము లేదు, లోపలి కుట్టు దారానికి కొందరికి అట్లా వస్తుంది, ఎగరడం వల్ల కూడా, అదే కరిగిపోతుంది అన్నారు. 200 ఫీజు. ఆ రోజు కోపంలో ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేశా, ఇదన్నా ఇస్తారా అని. మళ్ళీ సంగీతం, మళ్ళీ లేదు. నాకూ ముందే తెలుసు, ఎందుకు చేశానో.

గడ్డ వారంలో తగ్గింది. నవంబరు 4న కుట్లు తీశారు, దానికి డబ్బు తీసుకోలేదు. ఒక నిమిషం పని. ఆటోలు వదిలేసి మొత్తం లెక్క వేస్తే 11,337, అందులో ఇన్సూరెన్స్ 1,947. గొరిగిన చోట వెంట్రుకలు ఇప్పుడిప్పుడే నూగులా వస్తున్నాయి. మగపిల్లులు గోడ మీదికి ఇంకా వస్తున్నాయి, ఎందుకో వాటికే తెలియాలి, ఇది కిటికీలోంచి చూసి మళ్ళీ పడుకుంటోంది.

నిన్న జేజి బీరువా అంతా గాలించింది. సోమవారం మోకాలి డాక్టరు దగ్గరికి పోవాలంట, పాత ఎక్స్‌రే తెమ్మన్నారంట. మా ఆయన వెంటనే ఏదో పని ఉందని బజారుకు పోయాడు. ఆ ఎక్స్‌రే, దూది అంచుతో సహా, మంచం కింద బొరుగు కాళ్ళ దగ్గర ఉంది.